ఇంటర్వ్యూ మళ్లీ వస్తుంది.. కాలు రాదు

పొద్దున ఆరు గంటలకు రామగిరి నుంచి హైవే వైపు పోయే కుర్రాళ్లను ఇప్పటికీ చూస్తుంటాను. ఇస్త్రీ చొక్కా, వీపున బ్యాగు, బ్యాగులో సర్టిఫికెట్ల ఫైలు. హెల్మెట్ మాత్రం ట్యాంకు మీదనో, మోచేతికో వేలాడుతుంటుంది. ఒకడు పెనుకొండ దగ్గర కంపెనీలో వాకిన్‌కు, ఇంకొకడు అనంతపురం కోచింగ్‌కు. మా ఊళ్లలో ఉద్యోగానికి మొదటి మెట్టు రెజ్యూమె కాదు, బండి. బంగారు గనులు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి గానీ వాటిలో మనుషులకు దొరికే పనులు కొన్నే. పని కావాలంటే ఊరు దాటాలి. బస్సు మనకు కావాల్సిన టైంకు ఉండదు. కాబట్టి బండి తప్పదు.

2019 జనవరిలో నేనూ అట్లాగే బయల్దేరాను. బీటెక్ మెకానికల్ అయిపోయి ఏడు నెలలు. పెనుకొండ దగ్గర ఒక విడిభాగాల కంపెనీలో ఇంటర్వ్యూ. తొమ్మిదింటికి రమ్మన్నారు. చలి, మంచు. హెల్మెట్ పెట్టుకున్నది ప్రాణభయంతో కాదు, పోలీసుల భయంతోనూ కాదు. "చెవులకు గాలి కొడ్తాది, పెట్టుకో నాయనా" అని అమ్మ చేతికిచ్చింది కాబట్టి. ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు పోయానో లేదో, మలుపు తిరగగానే రోడ్డు మీద ఉలవ కట్టె పరిచి ఉంది. నూర్పిడికి. మా దగ్గర చాలామంది రైతులకు కల్లం లేదు, తారు రోడ్డే కల్లం. కట్టె చుట్టూ పెట్టిన రాళ్లు మంచులో కనపడలేదు. బ్రేకు వేశాను. ఆ తర్వాత గుర్తున్నది హెల్మెట్ రోడ్డుకు తగిలిన చప్పుడు ఒక్కటే.

కుడికాలు మోకాలి కింద విరిగింది. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. భుజం దిగ్గొట్టుకుంది. హెల్మెట్‌కు ఎడమ పక్క చెయ్యి పట్టేంత పగులు. తలకు మాత్రం గీత కూడా పడలేదు.

అక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. ప్రాణం దక్కింది, దేవుడు దయ తలిచాడు, కొబ్బరికాయ కొట్టారు. నేను చెప్పాలనుకున్నది దాని తర్వాతది. కోలుకోవడం అనేది సెలవు కాదు, పని. ఆ పనిని మధ్యలో వదిలేసి ఉద్యోగం వెనక పరిగెత్తితే రెండూ పోతాయి. నాకు పోయాయి కాబట్టి చెప్తున్నాను.

బతికినవాళ్ల లెక్క ఎవరికీ పట్టదు

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లే 50,029 మంది. మృతుల్లో 18 నుంచి 45 ఏళ్ల లోపు వాళ్లు 66.5 శాతం. ఈ అంకెలు ఏటా పేపర్లో వస్తాయి, చదువుతాం, పేజీ తిప్పేస్తాం.

అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. ఆ ఏడాది గాయపడినవాళ్లు 4,43,366 మంది. చనిపోయినవాళ్లకు రెండున్నర రెట్లు. వీళ్లలో డిగ్రీ పరీక్షలు రాయాల్సినవాళ్లు, కానిస్టేబుల్ ఈవెంట్లకు సిద్ధమవుతున్నవాళ్లు, మొదటి జీతం ఇంకా అందుకోనివాళ్లు ఎంతమందో ఎవరూ చెప్పరు. "అదృష్టవంతుడు, బతికి బయటపడ్డాడు" అంటారు, అంతటితో వార్త అయిపోతుంది. ఆ అదృష్టవంతుడు ఆరు నెలలు మంచం మీద ఎట్లా గడిపాడు, కోర్సు పూర్తి చేశాడా, ఉద్యోగం వచ్చిందా అనేది ఏ పేజీలోనూ రాదు.

ఆ మొదటి గంట

నన్ను చూసి ఆగింది పాల క్యాన్లు వేసుకుని పోతున్న ఒకన్న. "లెయ్యొద్దు అబ్బీ, కదలొద్దు" అన్నాడు. నేను లేవబోతున్నానని నాకే తెలియదు. రెండు కట్టెలు, తన తుండుగుడ్డ తీసుకుని కాలు కదలకుండా కట్టాడు. హెల్మెట్ లాగి తీయలేదు. మెడ దగ్గర నొప్పి ఉందా అని అడిగాడు. 108కు ఫోన్ చేశాడు. అంబులెన్స్ వచ్చేదాకా మాట్లాడిస్తూనే ఉన్నాడు. అది వచ్చాక మాత్రం పేరు చెప్పకుండా వెళ్లిపోయాడు. పోలీసులు స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయం.

ఇప్పుడా భయం అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 134ఎ సెక్షన్ వచ్చింది. ప్రమాద బాధితుడికి మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ కేసులు ఉండవు. పేరు, అడ్రసు చెప్పమని బలవంతం చేయకూడదు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను మొదటి గంటలో ఆస్పత్రికి చేర్చినవాళ్లకు కేంద్రం ఇచ్చే బహుమతిని 2025లో 25 వేల రూపాయలకు పెంచారు. డబ్బు కోసం కాదు గానీ, రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే ఫోన్ తీసి వీడియో తీయడానికి ముందు 108 నొక్కండి. పడినవాణ్ణి మడతపెట్టి ఆటోలో వెనక సీట్లోకి తోయకండి. వెన్నెముక దెబ్బ అట్లాంటప్పుడే ఎక్కువవుతుంది.

పుత్తూరుకు పోదామన్న మామ

ఆస్పత్రిలో నన్ను పడుకోబెట్టిన అరగంటకు మా మామ దిగాడు. "ఆపరేషన్ ఏం వద్దు, పుత్తూరుకు పోదాం, మూడు కట్లతో లేచి నడుస్తాడు" అన్నాడు. రాయలసీమలో ఎముక విరిగిన ప్రతి ఇంట్లో ఈ మాట వినిపిస్తుంది. పుత్తూరు కట్టు మీద నాకు చిన్నచూపు లేదు. మా జేజికి మణికట్టు విరిగితే అక్కడికే తీసుకుపోయాం. కానీ ఎముక బయటికి వచ్చిన గాయం వేరు. దాంట్లోకి మట్టి, పేడ, రోడ్డు మీది మురికి అంతా పోయి ఉంటుంది. దాన్ని ఆపరేషన్ థియేటర్లో కడిగి శుభ్రం చేయాలి, యాంటీబయాటిక్స్ పడాలి. గంటలు గడిచేకొద్దీ ఇన్‌ఫెక్షన్ ఎముకలోకి దిగుతుంది. డాక్టరు నాయినను పక్కకు పిలిచి "కట్టు కట్టేస్తే పైకి బాగానే కనపడుతుంది, లోపల కుళ్లుతుంది" అన్నాడు. నాయిన సంతకం పెట్టాడు. ఆ సంతకమే నా కాలు నిలబెట్టింది.

1985లో వచ్చిన 'మయూరి' సినిమా మీ అమ్మానాన్నలకు గుర్తుంటుంది. తన జీవితకథలో తనే నటించిన సుధాచంద్రన్ అసలు కథ ఒకసారి తెలుసుకోండి. 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదంలో ఆమె కాలికి దెబ్బ తగిలింది. కట్టు కింద ఉన్న గాయానికి గ్యాంగ్రీన్ సోకి కాలు తీసేయాల్సి వచ్చింది. జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ స్టేజీ ఎక్కి నాట్యం చేసింది. మనం ఆమె పట్టుదలను పొగుడుతాం, పొగడాలి కూడా. దాంతో పాటు కట్టు కింద గాయాన్ని పట్టించుకోవాలన్న సంగతి కూడా ఆ కథలోనే ఉంది. కట్టు బిగుసుకుపోయినట్టు అనిపించినా, వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా, జ్వరం వచ్చినా, వాసన వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా అంతే. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

నేను చేసిన తప్పు

కాలు ఎముక లోపల రాడ్ వేశారు. పైనా కిందా స్క్రూలు. పన్నెండు రోజులకు ఇంటికి వచ్చాను. డాక్టరు చెప్పింది మూడు ముక్కలు. నేను చెప్పేదాకా ఆ కాలి మీద పూర్తి బరువు వేయొద్దు. మోకాలు, మడమ రోజుకు మూడుసార్లు కదిలించు. నాలుగు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టు.

మొదటి నెల బాగానే విన్నాను. నొప్పి తగ్గేకొద్దీ చెవులు మూసుకుపోయాయి. ఫిజియోథెరపీకి ధర్మవరం పోవాలంటే ప్రతిసారీ ఆటో, నాయినకు ఒక రోజు కూలి. "కాలు ముడిచి చాపడానికి అంత దూరం పోవాల్నా?" అని నేనే మానేశాను. వాట్సాప్‌లో మా బ్యాచ్ గ్రూపు. ఒకడికి బెంగళూరులో ఆఫర్, ఇంకొకడు జాయినింగ్ ఫొటో పెట్టాడు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ "ఇంగా ఎన్నాళ్లప్పా?" అనేవాళ్లు. వాళ్లు ప్రేమగానే అడిగారు. నాకు మాత్రం ఊరంతా నా వయసు లెక్కపెడుతున్నట్టు ఉండేది.

తొమ్మిదో వారంలో బెంగళూరులో ఒక ఇంటర్వ్యూ ఉందని ఫ్రెండ్ చెప్పాడు. చంక కర్రలతో పోతే తీసుకోరని ఇంట్లో పెట్టేసి పోయాను. బస్సులో ఐదు గంటలు, గేటు దగ్గర క్యూలో రెండు గంటలు, మెట్లు. ఇంటర్వ్యూలో ఏం అడిగారో కూడా సరిగా గుర్తులేదు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఉద్యోగం రాలేదు. మూడు రోజుల తర్వాత కాలు కింద పెట్టలేకపోయాను. ఎక్స్‌రే తీస్తే కింది స్క్రూ విరిగింది. ఎముక అతుకు పడాల్సిన చోట సందు అట్లాగే ఉంది. మోకాలు సగమే ముడుచుకుంటోంది.

డాక్టరు తిట్టలేదు. ఎక్స్‌రేని లైటుకు పెట్టి చూపించి, "నువ్వు మెకానికల్ కదా, బిగిసీ బిగియని జాయింట్ మీద లోడు వేస్తే ఏమవుతుంది?" అన్నాడు. జవాబు నాకు తెలుసు. పరీక్షలో పది మార్కులకు రాసిందే. మళ్లీ చిన్న ఆపరేషన్, మళ్లీ మొదటి నుంచి లెక్క. రెండు నెలలు మిగిలించుకుందామని పోయి ఇంకో ఐదు నెలలు పోగొట్టుకున్నాను. నాయిన ఆవు ఒకటి అమ్మాడు.

పనిలా చేస్తేనే..

రెండోసారి ఒక పని చేశాను. పాత నోటుపుస్తకంలో షిఫ్టులు రాసుకున్నాను. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఐదింటికి వ్యాయామం. ఒక్కోటి ఇరవై నిమిషాలు. తొడ కండరం బిగించి వదలడం, మడమను పైకీ కిందికీ, మంచం అంచున కూర్చుని మోకాలు ముడవడం. గోడకు ఒక సుద్దగీత గీసి మడమ ఎంత వెనక్కి వస్తోందో వారానికోసారి గుర్తు పెట్టేవాణ్ణి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉందని, డబ్బు కట్టక్కర్లేదని అప్పటిదాకా మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. వారానికి ఒకసారి పోయి, అక్కడ నేర్పింది ఇంట్లో చేసేవాణ్ణి. మీ దగ్గర్లోని ఏరియా ఆస్పత్రిలోనో, జిల్లా ఆస్పత్రిలోనో ముందే అడిగి తెలుసుకోండి.

మన ఇళ్లల్లో కట్టు విప్పగానే వైద్యం అయిపోయినట్టు. అసలు వైద్యం అప్పుడు మొదలవుతుంది. ఎముకను డాక్టరు అతికిస్తాడు, కీలును కదిలించాల్సింది మనమే. సిగరెట్ అలవాటు ఉంటే ఈ ఆరు నెలలైనా మానండి, పొగ ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది. తిండి విషయంలో మా జేజి చెప్పింది, డాక్టరు చెప్పింది ఒకటే అయింది. గుడ్డు, పాలు, పప్పు, రాగిముద్ద.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. ప్రమాదం తర్వాత మంచం మీద ఉంటూనే సివిల్స్ కొట్టిన కథలు చదివి నన్ను నేను చాలా తిట్టుకున్నాను. మొదటి ఆరు వారాలు నేను ఒక్క పేజీ చదవలేకపోయాను. నొప్పి మాత్రలకు మత్తు, రాత్రి నిద్ర ఉండదు, పగలు చిరాకు. అది సోమరితనం కాదు. శరీరం తన బలమంతా ఒక చోట ఖర్చు పెడుతోంది. తల తేలికపడ్డాక రోజుకు గంటతో మొదలుపెట్టాను. ఎక్సెల్, డ్రాయింగులు చదవడం, క్వాలిటీ కంట్రోల్ బేసిక్స్. ఐదు నెలల్లో అవి చాలు.

మాట మళ్లీ నేర్చుకున్న హీరో

తలకు దెబ్బ తగిలినవాళ్ల కష్టం వేరు. పైకి కట్టు కనపడదు కాబట్టి ఎవరికీ అర్థం కాదు. 2021 సెప్టెంబర్ 10, వినాయక చవితి రాత్రి. హైదరాబాద్‌లో దుర్గంచెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక నటుడు సాయిధరమ్ తేజ్ బైకు జారింది. రోడ్డు మీద ఇసుక, మట్టి. తలకు హెల్మెట్ ఉంది. అయినా స్పృహ తప్పింది, కాలర్ బోన్ విరిగింది, ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో ఉండగానే అక్టోబర్ 1న ఆయన సినిమా 'రిపబ్లిక్' విడుదలైంది. అక్టోబర్ 15న, తన పుట్టినరోజున ఇంటికి చేరారు. పేపర్లలో వార్త దాదాపు అక్కడితో ఆగింది.

తర్వాత ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. మాట తడబడింది. గడగడా మాట్లాడే మనిషి మాటల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. మాటే బతుకుతెరువైన నటుడికి అంతకంటే భయం ఏముంటుంది? మాట మీద, ఒంటి మీద కష్టపడి, ఆ తర్వాత చేసిన 'విరూపాక్ష' 2023 ఏప్రిల్ 21న వచ్చింది. ప్రమాదానికీ ఆ సినిమాకీ మధ్య ఏడాదీ ఏడు నెలలు. సినిమా పెద్ద హిట్. అవకాశం దొరికిన చోటల్లా హెల్మెట్ పెట్టుకోండని ఆయన చెబుతూనే ఉన్నారు.

"ఆయనకేం, డబ్బుంది, కుటుంబం ఉంది, పెద్ద ఆస్పత్రి ఉంది" అంటారు మీరు. నిజమే. నేనూ అదే అన్నాను. కానీ దాన్ని తిప్పి చూడండి. అన్నీ ఉన్న మనిషికే అంత టైం పట్టింది. ఏమీ లేని మనం మూడు నెలల్లో లేచి పరిగెత్తాలని ఎందుకు అనుకుంటాం? ఆయనకు అవసరమైన టైం మనకూ అవసరమే. డబ్బు లేకపోతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే రెండోసారి ఆపరేషన్‌కు అమ్మడానికి ఇంకో ఆవు ఉండదు.

తలకు దెబ్బ తగిలాక వారాల తరబడి తలనొప్పి, మరుపు, ఊరికే కోపం, చదివింది బుర్రకెక్కకపోవడం ఉంటే "పిల్లోడు మారిపోయినాడు" అని ఇంట్లో గొడవ పడకండి. డాక్టరుకు చెప్పండి. ఫోను, ల్యాప్‌టాప్ తగ్గించండి. ఆన్‌లైన్ టెస్టు వాయిదా వేసుకోండి.

భయం కూడా గాయమే

నా కాలు కంటే లేటుగా నయమైంది భయం. రోడ్డు మీద హారన్ మోగితే ఒళ్లు జలదరించేది. కలలో అదే మలుపు. బండి వెనక కూర్చోవాలన్నా చేతులు చల్లబడేవి. ఎవరికైనా చెబితే నవ్వుతారని నోరు మూసుకున్నాను. ఒకరోజు ఆస్పత్రిలో ఫిజియోథెరపీ మేడమే గుర్తుపట్టి "కాలు బానే ఉంది, నువ్వు ఎందుకు వేలాడుతున్నావ్?" అని అడిగింది. చెప్పాను. చెప్పడంతోనే సగం దిగింది.

అప్పట్లో లేనిది ఇప్పుడు ఒకటుంది. 14416 టెలీమానస్. 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. నెల దాటినా నిద్ర పట్టకపోతే, బతికి ఏం లాభం అనిపిస్తే, ఆ నంబర్‌కు చేయండి. పిచ్చి అనుకుంటారని ఆగకండి. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు కదా.

కాగితాలు భద్రం

ప్రమాదం జరిగిన రోజు నుంచి ఒక ఫైలు పెట్టండి. ఎఫ్‌ఐఆర్, ఆస్పత్రిలో రాసిన మెడికో లీగల్ కాగితం, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, బిల్లులు అన్నీ అందులో ఉండాలి.

ఇప్పుడు ప్రమాద బాధితులకు నగదు లేకుండా చికిత్స చేసే కేంద్ర పథకం ఉంది. 2025 మేలో నోటిఫై చేశారు. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల పాటు, లక్షన్నర రూపాయల దాకా. ఆస్పత్రిలో చేరగానే దీని గురించి, ఎన్టీఆర్ వైద్య సేవ గురించి ఇంట్లోవాళ్లు అడగాలి. వేరే వాహనం తప్పు ఉంటే పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పోవాలి. ఆరు నెలల లోపు వేయాలన్నది చట్టంలోకి కొత్తగా చేరిన నిబంధన, అందుకే ఆలస్యం చేయొద్దు. గుద్ది పారిపోయిన కేసుల్లో తీవ్రంగా గాయపడితే 50 వేలు, చనిపోతే 2 లక్షలు ప్రభుత్వం నుంచి వస్తాయి. లాయరు ఫీజు లేకపోతే 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ దారి చూపిస్తుంది.

బండి ఇన్సూరెన్స్‌లో ఓనరు కోసం ఉండే 15 లక్షల ప్రమాద బీమా మరణానికీ, కాలూ చెయ్యీ పోయేంత శాశ్వత వైకల్యానికీ మాత్రమే. మామూలుగా ఎముక విరిగితే రాదు. లైసెన్స్ లేకపోతే అసలే రాదు. ఇది ఆస్పత్రిలో కాదు, బండి కొన్న రోజే తెలుసుకోవాలి.

నా ప్రమాదంలో ఇంకో వాహనం లేదు. ఉలవ కట్టె పరిచిన రైతు మీద కేసు పెట్టమన్నారు కొందరు. నాయిన ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఆయనకూ కల్లం లేదు. కానీ మలుపులో పరవొద్దని, రాళ్లు పెట్టొద్దని ఊరి పెద్దల ముందు చెప్పించాం. ఆ మలుపులో ఇప్పుడు ఎవరూ పరవరు.

గ్యాప్ ఎందుకొచ్చింది?

కోలుకున్నాక మొదటి ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. కాలు విరిగిందంటే తీసుకోరని, "గ్రూప్స్‌కు ప్రిపేరయ్యాను సార్" అన్నాను. ఎదురుగా ఉన్నాయన కళ్లజోడు సర్దుకుని, "ఓహో, అయితే ఆర్టికల్ 32 ఏంటో చెప్పు" అన్నాడు. చెప్పలేకపోయాను. లేచి వచ్చేశాను.

తర్వాతి ఇంటర్వ్యూకు మూడు వాక్యాలు రాసుకుని పోయాను. "2019 జనవరిలో రోడ్డు ప్రమాదంలో కుడికాలు విరిగింది. రెండు ఆపరేషన్ల తర్వాత పూర్తిగా నయమైంది, డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇదీ. ఆ టైంలో ఎక్సెల్, క్వాలిటీ టూల్స్ నేర్చుకున్నాను, అడగండి." అంతే. జాలి కోసం నొప్పి వర్ణించలేదు, వీరగాథా చెప్పలేదు. "షిఫ్టంతా నిలబడగలవా?" అని అడిగారు. "నిలబడగలను, మొదటి నెల మధ్యలో పది నిమిషాలు కూర్చోనిస్తే మేలు" అన్నాను. నిజం చెబితే పోతుందనుకున్న ఉద్యోగం నిజం చెప్పాకే వచ్చింది. అన్నిచోట్లా ఇట్లాగే జరుగుతుందని హామీ ఇవ్వను. కానీ అబద్ధం చెప్పి చేరితే, రోజూ ఆ కాలితో ఆ అబద్ధాన్ని మోయాల్సింది మీరే.

ఇంకా చదువుతున్నవాళ్లకు రెండు మాటలు. హాజరు తగ్గితే భయపడి చదువు మానేయొద్దు. జేఎన్‌టీయూ లాంటి చోట్ల 75 శాతం హాజరు ఉండాలి. 65 దాకా పడిపోయినా వైద్య కారణాలతో మినహాయింపు అడగొచ్చు. ఆస్పత్రి కాగితాలతో అమ్మనో నాన్ననో కాలేజీకి పంపండి, సెమిస్టర్ చివర్లో కాదు, ఆ వారంలోనే. కానిస్టేబుల్ ఈవెంట్లకు తయారయ్యేవాళ్లు సర్జన్ ఒప్పుకోకుండా 1600 మీటర్ల పరుగు మొదలుపెట్టొద్దు. ఒక నోటిఫికేషన్ పోతుంది, పోనీ. శాశ్వతంగా ఇబ్బంది మిగిలితే సదరం శిబిరానికి వెళ్లడానికి సిగ్గుపడకండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. అది దానం కాదు, హక్కు.

రేపు పొద్దున బయల్దేరేవాళ్లకు

ఇంటర్వ్యూ తొమ్మిదింటికి అయితే ముందు రోజు సాయంత్రమే పెనుకొండలోనో హిందూపురంలోనో తెలిసినవాళ్ల ఇంటికి చేరండి. బస్సు దొరికితే బస్సే ఎక్కండి. బండి తప్పదంటే అరగంట ముందు బయల్దేరండి, హెల్మెట్ పట్టీ గొంతు కింద బిగించండి. దారిలో ఏమైనా జరిగితే కాస్త తేరుకున్నాక కంపెనీకి ఒక ఫోన్ చేయించండి, ఒక మెయిల్ పెట్టించండి. ప్రమాదం జరిగింది, ఇంకో తేదీ ఇవ్వండి అని అడగడానికి డబ్బులేం పోవు. నేను అది కూడా చేయలేదు. రాలేదు కాబట్టి వాళ్లు నా పేరు కొట్టేశారు. నా కాలు విరిగిందని వాళ్లకు తెలియనే తెలియదు.

నేనిప్పుడు పెనుకొండ దగ్గరే పనిచేస్తున్నాను, క్వాలిటీ విభాగంలో. బండి మీదే పోతాను. చలికాలంలో కాలు లాగుతుంది, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటాను. పగిలిన ఆ పాత హెల్మెట్‌ను అమ్మ పారేయనివ్వలేదు, గూట్లో పెట్టింది. కొత్తది నా తల మీద ఉంటుంది. పొద్దున ఆరింటికి మోచేతికి హెల్మెట్ తగిలించుకుని నా పక్క నుంచి దూసుకుపోయే తమ్ముణ్ణి చూస్తే హారన్ కొట్టి ఆపుతాను. చాలామంది నవ్వి వెళ్లిపోతారు. ఎప్పుడో ఒకడు ఆగి, హెల్మెట్ తలకు పెట్టుకుని, "ఇంటర్వ్యూకు లేటయితాంది అన్నా" అంటాడు.

లేటు కానీ తమ్ముడూ. ఏమీ కాదు.